ఇంక్‌స్కేప్‌లో వెలిగే కొవ్వొత్తి: మంట కన్నా మైనం మీదే ఎక్కువ పని

వైజాగ్‌లో కొవ్వొత్తి బొమ్మకి గిరాకీ తగ్గేది లేదు. డిసెంబరు వస్తే క్రిస్మస్ కార్డులు, రాస్ హిల్ చర్చి ఉత్సవాలకి పోస్టర్లు, బీచ్ రోడ్డులో కొవ్వొత్తుల ర్యాలీ అంటే బ్యానర్లు, ఇక శ్రద్ధాంజలి ఫ్లెక్సీలైతే ఏడాది పొడుగునా. వీటిలో చాలావాటి మీద కనిపించే కొవ్వొత్తి ఒకేలా ఉంటుంది: తెల్లటి గొట్టం, దాని నెత్తిన నిమ్మపండు రంగు చుక్క, చుట్టూ పసుప్పచ్చ మసక. మంట ఉంటుంది గానీ వెలుగు ఉండదు. గీసేవాళ్లు మంట మీద గంటసేపు కూర్చుని, మైనాన్ని రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. లెక్క తిరగబడాలి. చూసేవాడి కన్ను ‘ఇది వెలుగుతోంది’ అని నమ్మేది మైనం పైభాగం లోపల్నుంచి ఎర్రబడటం చూసే.

ఇక్కడ చెప్పే కొలతలన్నీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌వి. 1.0 గానీ, ఆ తర్వాతి వెర్షన్ గానీ వాడండి. పాత వాటిలో ఒక్కో వస్తువుకి విడిగా బ్లెండ్ మోడ్ (కింది రంగుతో ఎలా కలవాలో చెప్పే అమరిక) పెట్టడం అంత తేలిక కాదు. ఊళ్లో డీటీపీ సెంటర్లలో ఎక్కువగా కోరల్‌డ్రానే వాడతారు కాబట్టి దానికి ఏం మారుతుందో చివర్లో చెప్తాను. రంగుల్ని ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) అంకెల్లో ఇస్తున్నాను, అదే వరసలో కొట్టుకోండి.

కాగితం, చీకటి

పేజీ 1000 పిక్సెళ్ల వెడల్పు, 1500 ఎత్తు. ముందు నేపథ్యం వేయండి. తెల్ల కాగితం మీద కొవ్వొత్తి గీసి, చివర్లో వెనక నలుపు పెడదామనుకుంటే వేసిన రంగులన్నీ మళ్లీ మార్చుకోవాల్సి వస్తుంది. తెలుపు మీద ఏ గ్లో (చుట్టూ వేసే మసక వెలుగు) అయినా మురికి మరకలాగే కనిపిస్తుంది.

నేపథ్యం కటిక నలుపు వద్దు. 22, 14, 12 లాంటి చాక్లెట్ చీకటి చాలు. కొవ్వొత్తి వెలుగు రంగు ఉష్ణోగ్రత దాదాపు 1900 కెల్విన్లు, అంటే బాగా ఎరుపు వైపు. ఆ వెలుగులో నీలం దాదాపుగా ఉండదు. కాబట్టి గదిలో ఇంకో దీపం లేనప్పుడు బొమ్మలో ఎక్కడైనా శుభ్రమైన నీలం గానీ, చల్లని బూడిద రంగు గానీ కనిపించిందంటే అది అతికించినట్టే ఉంటుంది. మంట అడుగున ఒక్కచోటే నీలానికి చోటు, దాని సంగతి తర్వాత.

మైనం

కొవ్వొత్తి మధ్య గీత అడ్డంగా 500 దగ్గర, పైఅంచు నిలువుగా 800 దగ్గర పెట్టుకోండి. 180 వెడల్పు, 560 ఎత్తున్న దీర్ఘచతురస్రం గీయండి. దాని కింది అంచు మీద 180 వెడల్పు, 50 ఎత్తు ఉన్న దీర్ఘవృత్తం పెట్టి, రెండూ ఎంచుకుని కంట్రోల్, ప్లస్ నొక్కితే ఒకటైపోతాయి. పైన పెట్టే దీర్ఘవృత్తం విడిగా ఉండాలి, దాని ఎత్తు 40 చాలు. పైదీ కిందదీ ఒకే కొలతలో పెడితే కొవ్వొత్తి ముందుకి పడిపోతున్నట్టు అనిపిస్తుంది. కంటి మట్టానికి ఎంత కిందకి పోతే వృత్తం అంత గుండ్రంగా కనిపిస్తుంది కదా, అందుకని అడుగుది ఎప్పుడూ కాస్త లావు.

ఒంటికి మొదట అడ్డంగా లీనియర్ గ్రేడియంట్, అంటే ఒక రంగు నుంచి ఇంకో రంగుకి వరసగా మారే పూత. ఎడమ అంచు 120, 62, 28. పావు దాటకముందే 196, 128, 72. నడుమ 214, 150, 94. కుడివైపు మళ్లీ అదే వరసలో తగ్గిస్తే సరి. అంచుల్ని ఇంతకన్నా నల్లగా చేయకండి. స్టీలు గ్లాసుకి వేసినట్టు ఒక పక్క తెల్ల మెరుపు, రెండో పక్క గట్టి నీడ వేయడం అలవాటైపోయింది చాలామందికి. ఇక్కడ అది తప్పు. మంట కొవ్వొత్తి నెత్తిన ఉంది, పక్క గోడల మీద నేరుగా వెలుగు పడకుండా పైఅంచే అడ్డుకుంటుంది. గోడ మీద మనకి కనిపించేదంతా మైనం లోపలికి దిగి, అటూ ఇటూ చెదిరి బయటికొచ్చిన వెలుగే. పక్కన కిటికీయో ట్యూబ్‌లైటో ఉందని బొమ్మలో చూపిస్తే తప్ప ఆ తెల్ల మెరుపుకి ఆధారం లేదు.

ఇప్పుడు ఆ లోపలి వెలుగు. ఒంటిని కంట్రోల్, డీతో నకలు తీసి, నకలుకి నిలువు గ్రేడియంట్ ఇవ్వండి. పైన 255, 206, 130, ఆల్ఫా 95 శాతం (100 అంటే పూర్తిగా కప్పేది, సున్నా అంటే అసలు కనపడనిది). 12 శాతం దిగాక 255, 170, 80, ఆల్ఫా 78. 35 శాతం దగ్గర 214, 110, 44, ఆల్ఫా 42. 70 దగ్గర 150, 64, 26, ఆల్ఫా 8. అడుగున అదే రంగు, ఆల్ఫా సున్నా. మామూలు తెల్ల కొవ్వొత్తికి ఈ ఎర్రదనం దాని వెడల్పుకి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల లోతు దాకా దిగితే నమ్మేలా ఉంటుంది. మన కొలతలో అది 180 నుంచి 270 పిక్సెళ్లు. రంగు మైనమైతే ఇంకా త్వరగా ఆగిపోతుంది. అడుగు దాకా ఒకే ఎరుపు లాగేస్తే లోపల బల్బు పెట్టిన ప్లాస్టిక్ కొవ్వొత్తి అయిపోతుంది.

ఇది ఇక్కడితో ఆపితే వెలుగు కింది హద్దు స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా వస్తుంది. నిజంలో నడుమ లోతుగా, అంచుల దగ్గర పైకి తేలి ఉంటుంది. మెష్ గ్రేడియంట్ చేయగలిగితే మంచిదే, కానీ అంత అవసరం లేదు. 150 వెడల్పు, 300 ఎత్తున్న దీర్ఘవృత్తాన్ని పైఅంచు నడిమధ్యన కేంద్రం వచ్చేలా పెట్టి, 255, 190, 100 రంగు, బ్లర్ 18 శాతం, అపాసిటీ (మొత్తం వస్తువుకి ఆల్ఫా లాంటిదే) 55 ఇవ్వండి. ఒంటికి ఇంకో నకలు తీసి దాని మీదికి తెచ్చి, రెండూ ఎంచుకుని ఆబ్జెక్ట్ మెనూలో సెట్ క్లిప్ కొట్టండి. మసక ఒంటి అంచు దాటి బయటికి కారదు.

బ్లర్ శాతం గురించి ఒక మాట. ఇంక్‌స్కేప్‌లో ఆ శాతం వస్తువు సైజుని బట్టి లెక్కవుతుంది. పెద్ద వృత్తానికి 18 అంటే చాలా మసక, చిన్న చుక్కకి 18 అంటే కొద్దిపాటి మసక. ఒకదానికి పెట్టిన అంకె ఇంకోదానికి ఎక్కిస్తే కుదరదు.

నెత్తి మీది గుంట

పై దీర్ఘవృత్తానికి 255, 214, 150 వేసి, దాన్ని పాత్‌గా (నోడ్లు, అంటే బిందువులు, పట్టుకుని వంచగలిగే గీతగా) మార్చండి, షిఫ్ట్, కంట్రోల్, సీ. ముందువైపు అంచు మీద మూడు నాలుగు నోడ్లు కలిపి మూడు నుంచి ఆరు పిక్సెళ్లు పైకీ కిందకీ కదపండి. కంపాస్‌తో గీసినంత నున్నటి అంచు వెలిగించని కొత్త కొవ్వొత్తికే ఉంటుంది. ఈ అంచు పలచన కాబట్టి వెలుగు సూటిగా దాటుతుంది. మొత్తం మైనంలో ఎక్కువ మెరిసేది ఇదే. ముందు అంచు వెంబడి 2 పిక్సెళ్ల గీత, 255, 236, 190, కొద్దిగా బ్లర్.

లోపల 150 వెడల్పు, 30 ఎత్తున్న ఇంకో వృత్తం, కరిగిన మైనం. ఒత్తి దగ్గర 255, 238, 196తో మొదలై అంచుకి 232, 160, 84 అయ్యే రేడియల్ గ్రేడియంట్. దీని మీద మంట ప్రతిబింబం ఉండాలి: ఒత్తికి ముందు, 8 వెడల్పు, 14 ఎత్తున్న లేత పసుపు చార. ఈ ఒక్క చార లేకపోతే కరిగిన మైనం కాస్తా పెయింటు వేసిన మూతలా కనిపిస్తుంది.

కారిన మైనం ఇష్టమొచ్చిన వైపు వేయకండి. రాస్ హిల్ మీద ఆరుబయట వెలిగించినవి చూసినా, బీచ్‌లో ఇసుకలో గుచ్చినవి చూసినా తెలుస్తుంది: గాలికి మంట ఎటు వంగితే అటువైపు అంచు ముందు కరుగుతుంది, మైనం అటే కారుతుంది. మంట కుడికి వాలి, మైనం ఎడమకి కారితే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. మన బొమ్మలో గాలి ఎడమ నుంచి కుడికి అనుకుందాం. కుడి అంచుని ఐదారు పిక్సెళ్లు దించి, అక్కడి నుంచి రెండు ధారలు. పైన మెడ 14 పిక్సెళ్లు, కింద బొట్టు 20, పొడవు ఒకటి 170, ఇంకోటి 90. సమానంగా మూడు నాలుగు వేస్తే కేకు మీద క్రీము అయిపోతుంది. బొట్టు నీడ దాని కిందే పడాలి, పక్కకి కాదు, ఎందుకంటే వెలుగు వచ్చేది పైనుంచి. 90, 40, 18 రంగు, అపాసిటీ 40, బొట్టుకి 4 పిక్సెళ్లు దిగువన.

ఒత్తి

పెన్ టూల్‌తో 36 పిక్సెళ్ల ఎత్తు, 5 మందం, కొస కుడికి వంకర తిరిగేలా. జడలా అల్లిన నూలు ఒత్తి కాలేకొద్దీ పక్కకి వంగి, దాని కొస మంట అంచు దాకా చేరుతుంది. అక్కడ గాలి తగిలి ఆ కొస కాలిపోతుంది, అందుకే అది ఎప్పటికప్పుడు పొట్టిగానే ఉంటుంది. కాబట్టి మంట నడుమ నిలువు కర్రలా నిలబెట్టొద్దు. రంగు మూడు ముక్కలు: అడుగున మైనం పీల్చిన 200, 150, 90, నడుమ 40, 24, 16, కొసన 4 పిక్సెళ్ల నిప్పుచుక్క 255, 90, 30.

మంట

52 వెడల్పు, 170 ఎత్తున్న దీర్ఘవృత్తాన్ని పాత్ చేసి, పై నోడ్‌ని కస్ప్‌గా, అంటే మొనగా, మార్చి హ్యాండిళ్లు (వంపుని తిప్పే పుల్లలు) తగ్గించండి. పక్క నోడ్లు రెండింటినీ కిందికి దించితే అన్నిటికన్నా వెడల్పైన చోటు అడుగు నుంచి మూడో వంతు ఎత్తులోకి వస్తుంది. మంట అడుగు కరిగిన మైనాన్ని తాకకూడదు, దానికి 12 పిక్సెళ్లు పైన, ఒత్తిని చుట్టుకుని మొదలవ్వాలి. అంటే అడుగు 788 దగ్గర, కొస 618 దగ్గర. నడుముని 8 పిక్సెళ్లు, కొసని 12 పిక్సెళ్లు కుడికి జరపండి. చిన్నపాటి గాలికి మంట అడుగున వాలుతుంది, కొసకొచ్చేసరికి మళ్లీ పైకి లేస్తుంది. రెండు పక్కలా అద్దంలో చూసినట్టు సమానంగా ఉన్న మంట ఐకాన్‌కి పనికొస్తుంది గానీ బొమ్మకి పనికిరాదు.

రంగు వేసేముందు మంట లోపల ఏం జరుగుతోందో తెలిస్తే అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒత్తి చుట్టూ ఉన్నది ఇంకా అంటుకోని మైనం ఆవిరి, అందుకే అక్కడ మసక చీకటి. అడుగు అంచుల్లో గాలి బాగా అందుతుంది, మసి పుట్టకుండా కాలుతుంది, అదే నీలం. ఆ పైన వేడికి ఆవిరి విడిపోయి సన్నటి మసి రేణువులు పుడతాయి. అవి కాగి వెలిగేదే మనం చూసే పసుపు. కాబట్టి అన్నిటికన్నా ప్రకాశవంతమైన చోటు ఒత్తి దగ్గర కాదు, మంట నడుముకి కాస్త పైన. చాలామంది ఒత్తి మీదే తెల్లటి కేంద్రం పెడతారు. మంట పేలవంగా కనిపించడానికి మొదటి కారణం అదే.

మంటకి నిలువు గ్రేడియంట్, కింది నుంచి పైకి: 60, 90, 200, ఆల్ఫా 30. 12 శాతం ఎత్తున 180, 90, 40, ఆల్ఫా 40. 30 దగ్గర 255, 190, 80, ఆల్ఫా 90. 55 దగ్గర 255, 244, 205, పూర్తిగా. 80 దగ్గర 255, 226, 140. కొసన 255, 170, 70, ఆల్ఫా 60. బ్లర్ 3 చాలు. దీని వెనక ఇదే ఆకారం 8 శాతం పెంచి, 255, 140, 40, అపాసిటీ 50, బ్లర్ 8. ముందు 28 వెడల్పు, 85 ఎత్తున్న చిన్న మంట, 255, 252, 235, బ్లర్ 10, నడుముకి పైన. ఒత్తి చుట్టూ 18కి 40 కొలతలో 120, 60, 30 రంగు బొట్టు, అపాసిటీ 45, బ్లర్ 15. అడుగున నెలవంక ఆకారంలో 70, 110, 255, అపాసిటీ 35, బ్లెండ్ మోడ్ స్క్రీన్. నీలం కనీకనపడకుండా ఉంటేనే అందం. కొట్టొచ్చినట్టు కనిపిస్తే గ్యాస్ స్టవ్ గుర్తొస్తుంది.

చుట్టూ వెలుగు

ఒకే వృత్తంతో పని కానివ్వాలని చూడొద్దు. దగ్గర వెలుగు గభాలున తగ్గుతుంది, దూరపు వెలుగు నెమ్మదిగా ఆరుతుంది, ఒక్క గ్రేడియంట్ ఈ రెండూ చేయలేదు. మొదటిది 360 వ్యాసం, కేంద్రం 700 ఎత్తు దగ్గర, అంటే మంటలో ప్రకాశవంతమైన చోటు. ఆల్ఫా నడుమ 70, 20 శాతం దూరంలో 42, 45 దగ్గర 16, 75 దగ్గర 4, చివర సున్నా. రంగు 255, 214, 130 నుంచి 255, 150, 60కి. రెండోది 1100 వ్యాసం, ఆల్ఫా 28, 14, 5, సున్నా, రంగు అంతా 230, 110, 40. రెండూ స్క్రీన్ మోడ్‌లో, అన్నిటికన్నా పైన. నార్మల్ మోడ్‌లో ఉంచితే ఒత్తి, మైనం అంచుల మీద పలచటి నారింజ పొర కప్పినట్టవుతుంది. స్క్రీన్ అయితే వెలుగు పెంచుతుందే గానీ దేన్నీ కప్పేయదు.

ఎక్కువమంది బోల్తా పడేది చివరి స్టాప్ (గ్రేడియంట్‌లో రంగు పెట్టే చోటు) దగ్గర. ఆల్ఫా సున్నా పెట్టి రంగు నలుపుగా వదిలేస్తారు. ‘ఎలాగూ కనపడదు కదా’ అనుకుంటారు. ఇంక్‌స్కేప్ ఫైలు ఫార్మాటైన ఎస్‌వీజీలో రంగూ పారదర్శకతా వేర్వేరుగా మారుతూ వెళ్తాయి కాబట్టి మధ్య దారిలో ఆ నలుపు సగం సగం కలిసి, వెలుగు చుట్టూ బూడిద వలయం వస్తుంది. చివరి స్టాప్‌కి కూడా అదే నారింజ ఇచ్చి ఆల్ఫా ఒక్కటే సున్నా చేయండి.

వెలుగు మసక ఎక్కడైనా కత్తిరించినట్టు చతురస్రంలా తెగిపోతే అది ఫిల్టర్ హద్దు. ఎస్‌వీజీలో మామూలుగా అది వస్తువుకి ప్రతి పక్కా 10 శాతం మాత్రమే. బ్లర్ స్లైడర్ వాడితే ఇంక్‌స్కేప్ తనే పెంచుకుంటుంది. ఫిల్టర్ ఎడిటర్‌లో చేత్తో చేస్తే మాత్రం మీరే పెంచాలి.

కింద బల్ల

దీపం కింద చీకటి అన్నది ఇక్కడ అక్షరాలా లెక్క. మంట కొస పైఅంచుకి 180 పైన ఉంది, కొవ్వొత్తి ఎత్తు 560, మొత్తం 740. దీన్ని 180తో భాగిస్తే నాలుగు చిల్లర. కొవ్వొత్తి సగం వెడల్పు 90. దానికి నాలుగు చిల్లర రెట్లంటే నడుమ నుంచి దాదాపు 370 పిక్సెళ్ల దాకా బల్ల మీద నేరు వెలుగు పడదు! అయినా ప్రతి బొమ్మలో కొవ్వొత్తి పాదం చుట్టూ తళతళలాడే పసుపు వలయం వేస్తారు. అక్కడ ఉండాల్సింది మైనం ఒంటి నుంచి వచ్చే ఎర్రటి పలచటి వెలుగు మాత్రమే: 400 వెడల్పు, 70 ఎత్తున్న దీర్ఘవృత్తం, 120, 52, 20, అపాసిటీ 35, బాగా బ్లర్. బల్ల మీద వెలుగు అంచుల వైపు పెరగాలి. సన్నటి కొవ్వొత్తికి ఈ నీడ చిన్నదవుతుంది, సగం వెడల్పు 30 అయితే 125 దగ్గరే ఆగిపోతుంది.

ర్యాలీ బ్యానర్‌కి పేపర్ కప్పులో కొవ్వొత్తి కావాలంటే లెక్క మారుతుంది. మంట కప్పు లోపల ఉంటుంది, కాబట్టి కప్పు గోడే మైనంలా వెలగాలి. నిలువు గ్రేడియంట్‌లో ప్రకాశం మంట ఎదురుగా ఉన్న చోట ఎక్కువ, పైకీ కిందకీ తగ్గాలి. మంట కప్పు అంచు దాటి కనిపించకపోయినా ఫర్వాలేదు.

ప్రింటు

1000కి 1500 పేజీ నాలుగడుగులు, ఆరడుగుల ఫ్లెక్సీకి సరిగ్గా సరిపోతుంది. 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) అది 3456కి 5184 పిక్సెళ్లు. ఎక్స్‌పోర్ట్‌లో వెడల్పు 3456 అని కొట్టి పీఎన్‌జీ తీసి ఇవ్వండి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఆ రిజల్యూషన్ చాలు. ఎస్‌వీజీ ఫైలు ఇచ్చి రావద్దు. కోరల్‌డ్రాలో తెరిచేసరికి బ్లర్లు, స్క్రీన్ మోడ్‌లు ఊడిపోయి, మంట చుట్టూ గట్టి నారింజ పళ్లెం మిగలొచ్చు. పీడీఎఫ్ ఇవ్వాల్సి వస్తే సేవ్ చేసేటప్పుడు రాస్టరైజ్ ఫిల్టర్ ఎఫెక్ట్స్ పక్కన ఉండే 96ని 300 చేయండి. ఇల్లస్ట్రేటర్‌లో గీసేవాళ్లు డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్ 72లో ఉందేమో చూసుకోవాలి, గ్లో గళ్లుగళ్లుగా రావడానికి అదే మూలం. కోరల్‌లోనే మొదట్నుంచీ గీస్తే మైనానికి మెష్ ఫిల్ బాగా పనికొస్తుంది. మంట చుట్టూ వెలుగుని మాత్రం బిట్‌మ్యాప్ చేసి గాసియన్ బ్లర్ ఇవ్వడం తేలిక.

సీఎంవైకేలోకి (ప్రింటుకి వాడే నాలుగు ఇంకుల లెక్కలోకి) మారగానే నారింజ కాస్త చచ్చుబడుతుంది. ఎంత పెనుగులాడినా తెర మీద చూసిన మెరుపు ఇంకులో రాదు. చేయగలిగింది ఒకటి: మంట పసుపు భాగంలో సియాన్, బ్లాక్ సున్నా ఉండేలా చూసుకోవడం. నడుమ ఎల్లో 15, అంచుకి మెజెంటా 55, ఎల్లో 100. సియాన్ 5 శాతం చేరినా మంట మట్టి రంగుకి దిగుతుంది. మిగతా మెరుపంతా నేపథ్యం నలుపు నుంచే రావాలి. ఒక్క బ్లాక్ 100 వేస్తే అది వెలిసిన బొగ్గులా ఉంటుంది. దానికి సియాన్ 40, మెజెంటా 40, ఎల్లో 40 కలపమని చెప్పండి. ఇంకు ఎక్కువైతే ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి అంతకు మించొద్దు.

చీకటి గ్రేడియంట్లలో మెట్లు మెట్లుగా వలయాలు కనిపించడం మామూలే, ముఖ్యంగా ఫోన్ స్టేటస్‌కి జేపీజీ చేసినప్పుడు. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉండే 8 బిట్‌లలో 22 నుంచి 58 దాకా రంగు మారడానికి ఉన్నవి ముప్పై చిల్లర మెట్లే, వాటిని 1000 పిక్సెళ్ల మీద పరిస్తే అలాగే ఉంటుంది. నేపథ్యం మీద ఫిల్మ్ గ్రెయిన్ లాంటి ఫిల్టర్ కనపడీ కనపడనంత వేస్తే ఆ మెట్లు చెదిరిపోతాయి. ఫ్లెక్సీకి ఈ బాధ తక్కువ, ప్రింటర్ చుక్కలే ఆ పని చేసేస్తాయి.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అయితే ఇంకో సంగతి. పేరుని కటిక తెలుపులో రాసి, దానికీ ఒక గ్లో తగిలించమని అడుగుతారు. అలా చేస్తే బొమ్మలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది అక్షరమవుతుంది, మంట దాని పక్కన వెలవెలబోతుంది. అక్షరాలకి 235, 205, 160 ఇచ్చి, గ్లో తీసేసి, సైజు కాస్త పెంచి చూపిస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు.